రెండు విమానాశ్రయాలు - నడుమ మన పాలమూరు

హైదరాబాదు నుంచి బెంగుళూరుకు విమానంలో గంటంబావు ప్రయాణమని అందరం వింటుంటాం. ఆ మాట అబద్ధం కాదు, అట్లని పూర్తి నిజమూ కాదు. అందులో దూరమెంత, కాలమెంత, ఆ కాలం ఎవరిది అన్నది విడదీసి చూద్దాం.

ముందు దూరం. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో, బెంగుళూరుకు దేవనహళ్ళి దగ్గరున్నది అదే ఏడు మేలో మొదలైనాయి. శంషాబాదుది 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, దేవనహళ్ళిది 13.20. తేడా 4.04 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున 448 కి.మీ. రేఖాంశాల తేడా 0.72 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కనుక, మన ప్రాంతంలో డిగ్రీకి 107 కి.మీ. మాత్రమే, అది 77 కి.మీ. ఇక బడిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం చాలు. కర్ణం 455 కి.మీ. వస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీదైతే 500 దాటుతుంది.

పటం మీద ఈ రెంటి నడుమ రూళ్ళకర్ర పెట్టి గీస్తే, గీత నాగర్‌కర్నూలును ఆనుకుని, వనపర్తికి తూర్పుగా పోతుంది. గద్వాల పడమట మిగిలిపోతుంది.

జెట్ విమానం గంటకు 800 కి.మీ. పోగలదు. ఆ లెక్కన 35 నిమిషాలు చాలు. మరి గంటంబావు ఎందుకు? ఆ వేగం పైకి ఎక్కినాక వచ్చేది. ఎక్కడానికి, దిగడానికి కొంత, నేలమీద రన్‌వే దాకా పోవడానికి, వరుసలో ఆగడానికి కొంత కాలం పడుతుంది. చెలకలో ట్రాక్టరు సాలు వెంట ఎంత జోరుగా పోయినా గట్టు దగ్గర తిరిగే కాలం తప్పదు. చెలక చిన్నదైతే తిరుగుడుకే సగం పొద్దు పోతుంది.

ఇది కాయితం మీది లెక్క కాదు. మా అవ్వకు చివరి ఘడియలని కబురు పెట్టినప్పుడు, బెంగుళూరులో మేస్త్రీ పని చేసే మా చిన్నాయన విమానంలో వస్తానన్నాడు. ఊరు దాటి దేవనహళ్ళికి గంటన్నర, ముందుగా చేరి ఆగేది రెండు గంటలు, విమానంలో గంటంబావు, బయటపడడానికి అరగంట, శంషాబాదు నుంచి మళ్ళీ దక్షిణానికి పెబ్బేరు దాకా రెండున్నర గంటలు. మొత్తం ఏడుముప్పావు గంటలు. మన నెత్తిమీదుగా పోయి, దిగి, వెనక్కి రావాలె! రాత్రి బస్సు కూడా సుమారు ఎనిమిది గంటలే. బస్సుకే వచ్చాడు. చివరిచూపు దక్కింది.

మరి దగ్గరి విమానాశ్రయం ఉంటే? 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఒకటి మొదలైంది. అక్కడినుంచి బెంగుళూరుకు మొదట్లో వారానికి నాలుగు రోజులే విమానం. కబురు వచ్చిన రోజు విమానం లేకపోతే, మరునాటిదాకా ఎదురుచూసే కాలాన్నీ ప్రయాణంలోనే కలుపుకోవాలె.

కనుక మిత్రులారా, దూరాన్ని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలవవచ్చు. కాలాన్ని మాత్రం గడప నుంచి గడపకు కొలవాలె. రేపు మన జిల్లాలకు విమానాశ్రయం వస్తుందని ఎవరన్నా చెబితే, ఎంత దూరమని అడిగి ఊరుకోవద్దు. వారానికి ఎన్ని విమానాలు, అక్కడికి మా ఊరినుంచి బస్సేది అని కూడా అడగాలె.