కళ్లద్దాలతోనే ముగియదు కంటి పరీక్ష
నలభై దాటిన ప్రతి ఒక్కరికీ సమగ్ర నేత్ర పరీక్ష అవసరం

పంచేంద్రియాలలో కంటికే మన పెద్దలు అగ్రస్థానం ఇచ్చారు. అయినప్పటికీ నలభై ఏళ్లు దాటి, దినపత్రికలోని చిన్న అక్షరాలు మసకబారినప్పుడు తప్ప చాలామందికి కంటి పరీక్ష గుర్తుకు రాదు. అప్పుడు కూడా సమీపంలోని కళ్లద్దాల దుకాణానికి వెళ్లి, అక్షరాలు స్పష్టంగా కనిపించే అద్దాలు తీసుకుని, పరీక్ష పూర్తయిందని భావించడం పరిపాటి. అద్దాలతో చత్వారం ఇబ్బంది తీరుతుంది. అయితే నీటికాసులు, మధుమేహం వల్ల రెటీనాకు కలిగే జబ్బు వంటివి అక్షరాల చార్టు చదివించినంత మాత్రాన బయటపడవు. చూపు తగ్గిందని రోగి గుర్తించే నాటికే కంటికి నష్టం జరిగి ఉంటుంది. నీటికాసుల వల్ల కోల్పోయిన చూపును ఏ చికిత్సా తిరిగి తీసుకురాలేదు. మిగిలిన చూపును కాపాడుకోవడమే సాధ్యమవుతుంది.

ముంగిటకు వచ్చిన పరీక్షలు

దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ప్రారంభమైంది. 2015-19 మధ్య నిర్వహించిన జాతీయ సర్వేలో, 50 ఏళ్లు పైబడిన వారిలో అంధత్వానికి 66.2 శాతం మేరకు శుక్లాలే కారణమని తేలింది. తెలంగాణలో 'కంటి వెలుగు' కార్యక్రమం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లోను, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోను ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 'వైఎస్ఆర్ కంటి వెలుగు' 2019 అక్టోబరు 10న అనంతపురంలో పాఠశాల విద్యార్థులతో మొదలైంది. ఇటువంటి శిబిరాలు కంటి పరీక్షను గ్రామాల ముంగిటకు తెచ్చాయి. అయితే శిబిరంలో జరిగేది ప్రాథమిక పరీక్ష. అక్కడ ఆసుపత్రికి వెళ్లవలసిందిగా చీటీ రాసి ఇచ్చినప్పుడు, అద్దాలు వచ్చాయి కదా అని ఆ చీటీని పక్కన పెట్టరాదు.

తొలుత వివరాల సేకరణ

సమగ్ర పరీక్ష ప్రశ్నలతో ప్రారంభమవుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, కంటికి గతంలో దెబ్బ తగిలిందా, తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ నీటికాసులు ఉన్నాయా అని అడుగుతారు. దగ్గరి రక్తసంబంధీకులకు నీటికాసులు ఉంటే ముప్పు అధికం. వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు దీర్ఘకాలం వాడితే కంటి పీడనం పెరగవచ్చు, శుక్లం కూడా రావచ్చు. కనుక వాడుతున్న చుక్కల సీసాలను, పాత అద్దాలను, మందుల చీటీలను వెంట తీసుకువెళ్లడం మంచిది.

చూపు కొలత, అద్దాల నిర్ధారణ

అనంతరం 6 మీటర్ల దూరంలోని చార్టును ఒక్కొక్క కంటితో విడివిడిగా చదివిస్తారు. 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించిన పద్ధతి ఇందుకు మూలం. తెలుగు అక్షరాల చార్టులు ఉన్నాయి. చదవడం రాని వారికి వేర్వేరు దిక్కులకు తిప్పిన గుర్తులు చూపి, అది ఏ వైపు ఉందో చేతితో చూపమంటారు. చూపు 6/60 అని రాస్తే, సాధారణ దృష్టి గలవారు 60 మీటర్ల నుండి గుర్తించే అక్షరాన్ని ఆ వ్యక్తి 6 మీటర్ల నుండి మాత్రమే గుర్తించగలుగుతున్నారని అర్థం. మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే తక్కువగా ఉండడాన్ని అంధత్వంగా పరిగణించేలా 2017లో దేశంలో నిర్వచనాన్ని సవరించారు.

చూపు తగ్గినట్లు తేలితే సన్నని రంధ్రం గల పలకను కంటి ముందుంచి తిరిగి చదివిస్తారు. రంధ్రం ద్వారా అక్షరాలు మెరుగ్గా కనిపిస్తే లోపం చాలావరకు అద్దాలతో సరిదిద్దదగినదే. మెరుగు కనిపించకపోతే శుక్లం, రెటీనా, కంటి నరం వంటి ఇతర కారణాల కోసం వెతకవలసి ఉంటుంది.

అద్దాల కొలతను యంత్రం అంచనా వేసినప్పటికీ అదే తుది నిర్ణయం కాదు. అద్దాలు మార్చి మార్చి పెట్టి, 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడుగుతారు. రెండూ ఒకేలా ఉంటే ఆ మాటే చెప్పాలి. ఇందులో తప్పు సమాధానం అంటూ ఉండదు. దగ్గరి చూపును సుమారు 35 నుండి 40 సెంటీమీటర్ల దూరంలో పరీక్షిస్తారు.

పీడనం కొలత

స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని ముందు గడ్డం ఆనించి కూర్చుంటే రెప్పలు, నల్లగుడ్డు, కటకం పరిశీలిస్తారు. శుక్లం ఇక్కడ బయటపడుతుంది. ఆపై కంటిలోని పీడనాన్ని కొలుస్తారు. కొన్ని యంత్రాలు కంటిపైకి గాలిని ఊదుతాయి. మరో పద్ధతిలో స్పర్శ తెలియకుండా చుక్కలు వేసి, నీలి కాంతిలో పరికరాన్ని నల్లగుడ్డుకు మృదువుగా ఆనిస్తారు. ఇందులో నొప్పి ఉండదు. సాధారణంగా ఈ పీడనం పాదరస మట్టంలో 10 నుండి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే పీడనం సాధారణంగా ఉన్నవారిలో కూడా నీటికాసులు రావచ్చు. అందుచేత కంటి నరాన్ని ప్రత్యక్షంగా చూడడం తప్పనిసరి. అనుమానం కలిగితే పక్క చూపు ఎంతవరకు ఉందో తెలిపే దృష్టి క్షేత్ర పరీక్ష కూడా చేస్తారు.

రెటీనా పరీక్ష

కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి, 20 నుండి 30 నిమిషాల తర్వాత రెటీనాను, కంటి నరాన్ని పరిశీలిస్తారు. కంటి లోపలి కోణం ఇరుకుగా ఉన్నవారిలో ఈ చుక్కల వల్ల పీడనం పెరిగే అవకాశం ఉన్నందున ముందుగానే దానిని గమనిస్తారు. చుక్కలు వేసిన తర్వాత కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి, వెలుతురు భరించడం కష్టమవుతుంది. ఆ సమయంలో వాహనం నడపరాదు. తోడుగా ఒకరిని, ఎండ అద్దాలను వెంట తీసుకువెళ్లాలి. పనికి అంతరాయమని ఈ చుక్కలను వద్దనేవారు ఉన్నారు. అయితే వ్యాధిని ముందుగా పసిగట్టే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ దశలోనే.

ఎవరు, ఎప్పుడు?

ఎటువంటి ఇబ్బంది లేకపోయినా నలభై ఏళ్ల వయసులో ఒకసారి సమగ్ర పరీక్ష చేయించుకుని, తర్వాత వైద్యుడు చెప్పిన వ్యవధిని పాటించాలి. 65 ఏళ్లు దాటినవారు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. పెద్ద వయసులో మధుమేహం బయటపడినవారు వెంటనే రెటీనా పరీక్ష చేయించుకుని, సాధారణంగా ఏటా కొనసాగించాలి. చూపు చక్కగా ఉన్నంత మాత్రాన రెటీనా క్షేమంగా ఉందని భావించరాదు.

అకస్మాత్తుగా చూపు తగ్గడం, మెరుపులు లేదా నల్లని చుక్కలు ఒక్కసారిగా ఎక్కువగా కనిపించడం, తెర దించినట్లుండడం, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి రావడం వంటి లక్షణాలు కనిపిస్తే శిబిరం కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, వరంగల్, కర్నూలు, విశాఖపట్నంలలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వ రంగంలో ప్రత్యేక నేత్ర వైద్యశాలలు.

పరీక్ష ముగిసిన తర్వాత ప్రతి ఒక్కరూ వైద్యుని మూడు ప్రశ్నలు అడగాలి. కంటి పీడనం ఎంత? కంటి నరం, రెటీనా ఎలా ఉన్నాయి? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ మూడింటికీ సమాధానం లభించినప్పుడే కంటి పరీక్ష పూర్తయినట్లు.