ఉప్పునీళ్లలో ఉడికిన విందు

పళ్లెం మీద కప్పిన తెల్లగుడ్డ తీయగానే గుప్పున ఆవిరి, దాంతోపాటే సముద్రపు వాసన. కింద గుట్టగా పోసి ఉన్నవి చూస్తే కొత్తవాళ్లు కాస్త జంకుతారు. వేలంత పొడవు, నల్లటి తోలు, కొసన గోళ్లు. బల్లికాళ్లేమో అనిపిస్తుంది. పేరు పెర్సెబెస్. స్పెయిన్ వాయవ్య మూలన, అట్లాంటిక్ ఒడ్డునున్న గలీసియాలో వీటి గిరాకీ అంతా ఇంతా కాదు. క్రిస్మస్ ముందు వేలంలో కిలో 100 యూరోలు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ఈ సముద్రజీవులు అలలు విరుచుకుపడే బండల మీదే పెరుగుతాయి. మృత్యుతీరం అని పేరుపడ్డ కోస్తా ద మోర్తెలో వీటిని సేకరించేవాళ్లు నడుముకు తాడు కట్టుకుంటారు. అల వెనక్కి తగ్గిన కాస్త వ్యవధిలో బండ మీదికి దిగి, ఇనపపారతో గీకి, మళ్లీ అల వచ్చేలోగా పైకి ఎక్కేయాలి. లైసెన్సు ఉండాలి, రోజుకు ఇన్ని కిలోలేనన్న పరిమితీ ఉంది. ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ సరుకుకు వంటింట్లో జరిగే మర్యాద ఎంతో తెలుసా? మరిగే ఉప్పునీళ్లలో వేస్తారు, నీళ్లు మళ్లీ తెర్లగానే తీసేస్తారు. అంతే. గోరు దగ్గర పట్టుకుని తోలు మెలితిప్పి లాగితే లోపలి కండ ఊడి వస్తుంది. చొక్కా జాగ్రత్త, నీళ్లు చిమ్ముతాయి.

అల్లం వెల్లుల్లి, చింతపండు లేని చేపల కూరను ఊహించలేని నాలుకకు ఇదంతా మొదట చప్పగానే తోస్తుంది. నాలుగైదు తిన్నాక గానీ మారిస్కేరియా అనే ఈ సంప్రదాయ సీఫుడ్ హోటళ్ల సంగతి అర్థం కాదు. నన్నడిగితే ఇక్కడి వంటవాడి పనితనమంతా అతిగా వండకపోవడంలోనే ఉంది. పొద్దున సముద్రంలో ఉన్న సరుకుకు మసాలాతో కప్పిపుచ్చాల్సిన అవసరం ఏముంటుంది?

సెంతోయా అనే పెద్ద సాలీడు పీతదీ అదే పద్ధతి. ఉడకబెట్టి, డిప్పలోని గుజ్జుతో సహా ముందు పెడతారు. పక్కన చిన్న పటకారు. గోదావరి ఒడ్డున పీతలు కొరుక్కుంటూ పెరిగినవాళ్లకు దాంతో పెద్దగా పనుండదు. మస్సెల్స్ మాత్రం చవక. గలీసియా సముద్రపు పాయల్లో 3,000కు పైగా కర్రల తెప్పలు తేలుతుంటాయి. ఒక్కో తెప్పకు 500 దాకా తాళ్లు నీళ్లలో వేలాడుతుంటే, వాటికి గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి.

ఆక్టోపస్‌ది విచిత్రమైన కథ. దాని వంటకు పేరుమోసిన ఓ కర్బాయిన్యో ఊరికి సముద్రమే లేదు! ఒకప్పుడు ఆ దాపునున్న ఒసెయిరా మఠానికి తీరంలోని మారిన్ జాలరులు ఆక్టోపస్‌ను శిస్తుగా చెల్లించేవారు. అలా ఆ వంట అక్కడ పాతుకుపోయింది. రాగి కాగులో ఉడికించి, కత్తెరతో ముక్కలు కత్తిరించి, చెక్క పళ్లెంలో వేసి ఆలివ్ నూనె, రాళ్ల ఉప్పు, పిమెంతోన్ అనే ఎర్ర మిరపపొడి చల్లుతారు. భోజనం మొత్తంలో మిరప కనిపించేది ఇక్కడే, అదీ కారం కంటే రంగుకే ఎక్కువ. ఇప్పుడు ఆ ఆక్టోపస్‌లో చాలా భాగం మొరాకో, మారిటేనియాల నుంచి దిగుమతి అవుతోంది.

వెళ్లేవాళ్లకు ఒకటి రెండు మాటలు. మధ్యాహ్నం 2 కాకముందు, రాత్రి 9 కాకముందు వెళితే కుర్చీలే పలకరిస్తాయి. మెనూలో కొన్నింటి ఎదుట అంకె ఉండదు, మార్కెట్ ధర అని మాత్రమే రాసి ఉంటుంది. మొహమాటం లేకుండా తూకం వేయించి, ఎంతవుతుందో తెలుసుకున్నాకే వంటింట్లోకి పంపమనండి. అక్కడివాళ్లూ అడుగుతారు.