కారు వెనక అద్దం పగిలితే ఏం చేయాలి? ఖర్చు, క్లెయిమ్, బిగింపు జాగ్రత్తలు

మొన్న ఒక గురువారం సాయంత్రం మెహిదీపట్నంలో మా మామూ ఇంటి ముందు ఢామ్మని చప్పుడైంది. వలీమాకు అద్దెకు తెచ్చిన ఇనుప టేబుల్‌ను తిరిగి ఇచ్చేద్దామని ఏడు సీట్ల కారు డిక్కీలో పెట్టారు. టేబుల్ కాలు ఒక రెండంగుళాలు బయటికి ఉంది. చీకట్లో ఎవరూ చూసుకోలేదు. డోర్ గట్టిగా వేయగానే వెనక అద్దం మొత్తం పటిక బెల్లం ముక్కల్లా రాలిపోయింది. పిల్లలు కూర్చునే మూడో వరస సీటు నిండా అద్దమే. అదృష్టం, ఆ టైమ్‌కి అందులో ఎవరూ లేరు.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. శనివారం నానీకి కంటి ఆపరేషన్. తెల్లారితే శుక్రవారం, మామూ కర్నూలు వెళ్లి ఆమెను తీసుకురావాలి. "ఏం కాదులే, ప్లాస్టిక్ కవర్ అంటించి పొద్దున్నే పోయొస్తా" అన్నారు మామూ. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కానీ అలా వెళ్లకూడదు. ఎందుకు వెళ్లకూడదో, క్లెయిమ్ చేయాలా వద్దా అని ఎలా లెక్క వేసుకోవాలో, షాపులో ఏం చూడాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు అద్దం వేరు, వెనక అద్దం వేరు

ముందు అద్దం ల్యామినేటెడ్. అంటే రెండు అద్దాల మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. రాయి తగిలితే బీటలు పడుతుంది కానీ ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. చిన్న దెబ్బ అయితే రెసిన్ నింపి సరిచేస్తారు కూడా.

చాలా కార్లలో వెనక అద్దం టఫెన్డ్ గ్లాస్. అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడి చేసి, వెంటనే గట్టి గాలితో చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది తర్వాత చల్లబడుతుంది. దీనివల్ల పైపొర ఎప్పుడూ నొక్కుకుని, లోపలి భాగం ఎప్పుడూ లాగుకుని ఉంటాయి. మామూలు అద్దం కంటే బలంగా ఉండేది అందుకే. అయితే ఒక్కచోట ఆ పైపొర తెగితే లోపల ఉన్న బిగువంతా ఒకేసారి విడుదలై అద్దం మొత్తం చిన్న ముక్కలైపోతుంది. పెద్ద పెద్ద పదునైన పెంకులు కాకుండా ఇలా చిన్న ముక్కలు కావడం మన మంచికే, మెడలు తెగవు. ఇలా పగిలిన అద్దానికి రిపేర్ అంటూ లేదు, మార్చాల్సిందే.

ఇంకో సంగతి. టఫెన్డ్ అద్దం మధ్యలో దెబ్బను బాగానే తట్టుకుంటుంది. దాని బలహీనత అంచు. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడినా కొన్నాళ్ల తర్వాత మామూలుగా డోర్ వేసినప్పుడో, ఎండలో నిలబెట్టినప్పుడో పగిలిపోవచ్చు. "ఎవరూ ముట్టుకోలేదు, దానంతట అదే పగిలింది" అని కొందరు చెప్పేది ప్రతిసారీ అబద్ధం కాదు.

పగిలిన వెంటనే చేయాల్సినవి

మొదట ఫొటోలు తీయండి. నంబర్ ప్లేట్ కనపడేలా ఒకటి, దగ్గర నుంచి రెండు మూడు, లోపలి సీటుది ఒకటి. రాయితో పగలగొట్టి బ్యాగు ఎత్తుకెళ్లారంటే శుభ్రం చేయకముందే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కాగితం అడుగుతారు.

తర్వాత శుభ్రం చేయడం. చేతికి మందపాటి గ్లవ్స్, కాళ్లకు బూట్లు ఉండాలి. గుడ్డతో తుడవకండి, ముక్కలు సీటు బట్టలోకి ఇంకా లోతుగా దిగుతాయి. వ్యాక్యూమ్ క్లీనర్ వాడాలి. సీట్ బెల్ట్ బకిల్ సందు, సీటు మడతలు, సీటు కింది పట్టాలు, స్టెప్నీ ఉండే గుంట, ఈ నాలుగూ మర్చిపోవద్దు. డిక్కీ డోర్ లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ వెనక కూడా ముక్కలు పడతాయి. వాటిని తీయించకపోతే తర్వాత గుంత వచ్చినప్పుడల్లా గలగలమంటాయి. జానమాజ్, చిన్న పిల్లల సీటు కవర్ లాంటివి కారులో ఉంటే బయట దులిపి, విడిగా ఉతికి, చేత్తో తడిమి చూశాకే మళ్లీ వాడండి.

తెరిచి ఉన్న చోట మందపాటి ప్లాస్టిక్ షీట్ పెట్టి టేప్ వేయండి. ఇది వాన, దుమ్ము ఆపడానికి మాత్రమే. ప్రయాణానికి కాదు.

ప్లాస్టిక్ కవర్‌తో హైవే ఎందుకు ఎక్కకూడదు?

కారు ముందుకు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ అక్కడే సుడి తిరుగుతుంది. వెనక అద్దం లేకపోతే ఆ పొగ కారులోకి లాక్కుంటుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారని మనం అనుకుంటాం. అది నిద్రో, మగతో ముందు కూర్చున్నవాళ్లకు తెలియదు. టేప్ వేసిన ప్లాస్టిక్ హైవే స్పీడుకు నిలవదు, ఒక మూల ఊడితే చాలు. పైగా దాని గుండా వెనక వచ్చే లారీ సరిగా కనిపించదు.

షాపు దాకా తీసుకెళ్లక తప్పదంటే మెల్లగా, దగ్గర దారిలో వెళ్లండి. ముందు కిటికీలు దించండి. ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్‌లో కాకుండా బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టండి. వెనక సీట్లలో ఎవరినీ ఎక్కించుకోకండి.

ఇదంతా చెప్పాక మామూ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అయితే రైల్లో పోయొస్తా, బండి సంగతి నువ్వు చూడు బేటా" అని తాళం నా చేతిలో పెట్టారు.

క్లెయిమ్ చేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

ముందు పాలసీ చూడండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మన అద్దానికి ఒక్క రూపాయి రాదు. అది మన వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. చట్టం తప్పనిసరి చేసింది దాన్నే. ఓన్ డ్యామేజ్ కూడా కలిసిన పాలసీ ఉంటేనే అద్దానికి డబ్బులొస్తాయి.

ఇందులో మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు. అద్దానికి తరుగుదల లేదు. కారు ఎంత పాతదైనా అద్దం ధర మొత్తం లెక్కలోకి వస్తుంది. తప్పనిసరిగా మనం భరించాల్సిన మొత్తం మాత్రం ఉంటుంది. ఇంజిన్ 1500 సీసీ వరకు 1000 రూపాయలు, అంతకు మించితే 2000 రూపాయలు. బీడింగ్, క్లిప్పులు లాంటి వాటిలో కోతలు వేరే.

చాలామంది మర్చిపోయేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, ఆపై వరసగా 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకు పడిపోతుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. తగ్గింపుకు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 రూపాయలు, ఏటా అంతే ఉంటుంది అనుకోండి. ఇప్పుడు మీ బోనస్ 25 శాతం. ఈ అద్దం తర్వాత ఇంకే క్లెయిమ్ లేదు.

మొదటి ఏడు: క్లెయిమ్ లేకుంటే 7,800, చేస్తే 12,000. తేడా 4,200.
రెండో ఏడు: 6,600కు బదులు 9,600. తేడా 3,000.
మూడో ఏడు: 6,000కు బదులు 9,000. తేడా 3,000.
నాలుగో ఏడు: 6,000కు బదులు 7,800. తేడా 1,800.
ఐదో ఏడు: 6,000కు బదులు 6,600. తేడా 600.

మొత్తం 12,600 రూపాయలు, ట్యాక్స్ కాకుండా. అద్దం బిల్లు 9,000 అయితే, మన వాటా 2,000 పోగా చేతికొచ్చేది 7,000. ఏడు వేల కోసం పన్నెండు వేలు పోగొట్టుకోవడం అన్నమాట. అదే బిల్లు పాతిక వేలు అయితే, లేదా మీకు ఇంకా బోనసే మొదలవకపోతే, లెక్క తిరగబడుతుంది. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే దాని షరతులు చదవండి, అప్పుడు క్లెయిమ్ చేయడమే మేలు కావచ్చు. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కొంత మారుతుంది కాబట్టి మీ పాలసీ కాగితంలోని అంకెలతోనే లెక్క వేసుకోండి. క్లెయిమ్ చేయాలనుకుంటే అద్దం మార్చకముందే కంపెనీకి చెప్పాలి. మార్చేశాక చెబితే చిక్కు వస్తుంది.

మామూకి బోనస్ 45 శాతానికి చేరింది. క్లెయిమ్ వద్దనుకున్నాం.

ఏ అద్దం అడగాలి?

మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. తయారైన ఏడాది, వేరియంట్, వీలైతే ఛాసిస్ నంబర్ ఇవ్వండి. ఒకే కారులో కింది వేరియంట్‌కు ఉత్త అద్దం, పై వేరియంట్‌కు డీఫాగర్ గీతలు, వైపర్ కోసం రంధ్రం ఉండొచ్చు. కొన్నిటిలో యాంటెన్నా కూడా ఆ అద్దంలోనే ఉంటుంది. తప్పు అద్దం తెస్తే ఆ రోజంతా పోయినట్టే.

అద్దం మూలన ముద్ర చూడండి. ఐఎస్ఐ గుర్తు, వాహనాల సేఫ్టీ గ్లాస్‌కు ఉన్న ఐఎస్ 2553 ప్రమాణం ఉండాలి. ఆసాహి ఇండియా, సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్ లాంటి కంపెనీలు కొత్త కార్లకూ, బయటి మార్కెట్‌కూ అద్దాలు చేస్తాయి. పాత సామాను షాపులో సెకండ్ హ్యాండ్ అద్దం చవగ్గా దొరుకుతుంది. తీసుకోవచ్చు, కానీ నాలుగు అంచులూ వేలితో తడిమి పెచ్చు లేదని, డీఫాగర్ గీత ఎక్కడా తెగలేదని చూసుకోవాలి.

బిగింపులో అసలు కిటుకు

నేను వెళ్లిన మొదటి షాపులో "అరగంటలో సిలికాన్ కొట్టి ఇచ్చేస్తాం" అన్నారు. అక్కణ్నుంచి వచ్చేశాను. కొన్ని పాత మోడళ్లలో అద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చుంటుంది. కానీ ఇప్పటి కార్లలో ఎక్కువగా పాలీయురెథేన్ గమ్‌తో అతికిస్తారు. షాపుల్లో పీయూ గమ్ అంటారు. బాత్‌రూమ్‌లకు వాడే సిలికాన్‌కు ఆ పట్టు ఉండదు. కొన్ని రకాలు రేకును తుప్పు కూడా పట్టిస్తాయి.

సరైన పని ఇలా ఉంటుంది. పాత గమ్‌ను మొత్తం గీకేయరు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పలచని పొర ఉంచుతారు. కొత్త గమ్ దానికి బాగా పట్టుకుంటుంది. పెయింట్ మీద గీత పడితే ప్రైమర్ వేస్తారు, లేకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. అద్దం అంచు తుడిచి ప్రైమర్ రాస్తారు. గమ్‌ను ఎక్కడా తెగకుండా ఒకే వరసలో పెట్టి అద్దం కూర్చోబెట్టి టేప్ వేస్తారు.

"బండి ఎప్పుడు కదిలించొచ్చు?" అని తప్పక అడగండి. అది గమ్ రకాన్ని బట్టి, ఆ రోజు వేడి, తేమను బట్టి మారుతుంది. కొన్నిటికి గంట చాలు, కొన్నిటికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. నేను వెళ్లిన చోట నాలుగు గంటలు ఆగమన్నారు. ఆగాను. ఒక రోజంతా టేప్ తీయకండి. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు. డోర్లు దబాలున వేయకండి, ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. అన్ని అద్దాలూ మూసి డోర్ వేస్తే లోపలి గాలి ఆ పచ్చి గమ్‌ను బయటికి నెడుతుంది.

డబ్బులిచ్చే ముందు డీఫాగర్, వైపర్, పైనున్న బ్రేక్ లైటు, రివర్స్ కెమెరా పని చేస్తున్నాయో చూడండి. రెండు రోజుల తర్వాత పైపుతో మెల్లగా నీళ్లు పోసి డిక్కీ లోపల చెమ్మ ఉందేమో చూడండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. అందులో అద్దం కంపెనీ, నీళ్లు కారితే ఎన్నాళ్ల వరకు ఉచితంగా సరిచేస్తారో రాయించుకోండి. నోటి మాట వారంటీ వానాకాలంలో గుర్తుండదు.

నల్ల ఫిల్మ్ వేయమంటే?

కొత్త అద్దం పెట్టగానే "పరదాలా ఉంటుంది, నల్ల ఫిల్మ్ వేయమంటారా" అని అడుగుతారు. ఆడవాళ్లు కూర్చునే బండి కదా అని మనవాళ్లు సరే అంటారు. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే నల్ల ఫిల్ములను ఆపేసింది. ఆ తర్వాత నిబంధనల్లో మార్పులు వచ్చినా, ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్న హద్దు అలాగే ఉంది. చలాన్ ఒక్కటే కాదు, ఆ ఫిల్మ్‌ను తర్వాత బ్లేడుతో గీకి తీస్తే డీఫాగర్ గీతలు కూడా దాంతోపాటే పోతాయి.

శుక్రవారం రాత్రి కాచిగూడ స్టేషన్‌కి అదే బండి తీసుకెళ్లాను. నానీ ఎక్కి కూర్చుని వెనక్కి తిరిగి చూసి, "అద్దం ఇంత తళతళా ఉందేంటి, బండి కడిగించావా?" అన్నారు. మామూ నవ్వి ఊరుకున్నారు. ఇంటికెళ్లాక డిక్కీ డోర్ మాత్రం ఆయనే దిగి, సామాను లోపలే ఉందో లేదో చేత్తో తడిమి చూసి, మెల్లగా వేశారు.