మంద మజిలీ

దూరప్రయాణము చేయువానికి పగలు దారిని గూర్చియు, ప్రొద్దు వాలిన పిదప మజిలీని గూర్చియు చింత కలుగును. నీరెచ్చట దొరకును? నేల పొడిగా నుండునా? రాత్రి భయము లేక నిద్రించుటకు వీలగునా? పూర్వము కాశీయాత్రకు పోయినవారు ఈ ప్రశ్నలనే వేసికొనిరి. నేడు ఇంటివలె అమర్చిన మోటారుబండ్లలో దేశాటనము చేయువారును ఈ ప్రశ్నలనే వేసికొందురు. అట్టివారి యాత్ర కొన్నాళ్లలో ముగియును. ఏటేట నెలల తరబడి దారి నడచి, కొలది రాత్రుల కొక క్రొత్తచోట బస చేయువారు మన అనంతపురము జిల్లాలో గలరు. వారు గొఱ్ఱెల కాపరులు. వారి మజిలీకి ఒక విశేషము గలదు. బాటసారి తన బసకు కూలి చెల్లించుట లోకరీతి. ఇచ్చట బస యిచ్చినవాడే బాటసారికి కూలి చెల్లించును. ఇది యెట్లు సంభవించునో తెలిసికొందము.

అనంతపురము జిల్లా పడమటి కనుమల చాటున నున్నది. నైరృతి ఋతుపవనము తన నీటిని చాలవరకు ఆ కనుమలమీదనే కురిసి, ఇచ్చటికి వట్టి గాలియై వచ్చును. తూర్పుతీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును అంతగా ఆదుకొనదు. సాలీన వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జిల్లా పడమటి భాగమున, కర్ణాటక సరిహద్దుకు చేరువగా కణేకల్ గ్రామము గలదు. ఆ ప్రాంతమున వేదవతీ నది పారుచున్నది. ఇచ్చటివారు దానిని హగరి యందురు. పారుచున్నదనుట వానకాలపు మాట. ఏడాదిలో పెక్కు నెలలు అది ఇసుకదారియే. గాలికాలమున ఆ యిసుక లేచి పొలములపై దిబ్బలుగా పడును. అయినను కణేకల్‌కు వేరొక భాగ్యము గలదు. 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్టనుండి వచ్చు ఎగువ కాలువ ఈ ప్రాంతమున సాగి, ఇచ్చటి పెద్దచెరువునకును మాగాణి భూములకును నీరిచ్చుచున్నది. అందుచే మెట్టచేలలో గడ్డిపోచయు దొరకని దినములలో, కోసిన వరిమళ్లయందు మోళ్లును, గట్లపై పచ్చికయు మిగిలియుండును. మెట్టనుండి మాగాణికి పోవుటయే కాపరుల ప్రయాణము.

ఈ వృత్తియందు కురుబలు పేరెన్నికగన్నవారు. గొఱ్ఱెలను మేకలను కలిపి ఈ సీమలో జీవాలందురు. కొన్ని కుటుంబములవారు తమ జీవాల నొక్కటిగా చేర్చి, వందలకొలది గల మందతో బయలుదేరుదురు.

తెల్లవారగనే మంద కదలదు. ముందు మంచు ఆరవలెను. తడిగడ్డి కొనలకు కంటికి కానరాని పురుగుపిల్లలు ఎగబ్రాకి యుండును. ఆ గడ్డి మేసిన జీవాలకు కడుపులో పురుగులు చేరును. ఆ వ్యవధిలో కాపరి ఊరక కూర్చుండడు. కుంటుచున్నదానిని, మేత మానినదానిని, ఈనుటకు సిద్ధముగా నున్నదానిని వేరుపరచును. పుట్టి రెండుమూడు దినములైన పిల్లలు దారి నడువలేవు గనుక వానిని సామానుతోపాటు మోసికొనిపోవలెను. పూర్వము గాడిదలు మోసిన ఆ బరువును నేడు మోటారుసైకిలో ఆటోయో మోయుచున్నది.

ఒక పెద్ద ముందుగా పోయి, ఆ రాత్రికి పొలము మాటలాడుకొనును. బేరము క్లుప్తముగనే సాగును.

"ఏమప్పా, నా మడిలో ఎన్ని రాత్రులుంటారు?"

"గింజలెన్ని కొలుస్తావో నువ్వు చెప్పప్పా. రాత్రులెన్నో మేము చెప్తాము."

ఈలోగా మంద దారిలో నుండును. దాని నడక మేతనడక. తొందరపెట్టిన కడుపు నిండదు. విడిచిపెట్టిన పైరులో పడును. కావున ముందొకడు, వెనుక నొకడు నడతురు. ఒకనాటి బండ్లబాటలు నేడు లారీల దారులైనవి. ఒక్క గొఱ్ఱె బెదరి రోడ్డు దాటిన తక్కినవన్నియు దాని వెంటబడును. కాలువ వంతెనకడ ఇంకను జాగ్రత్త వలయును; ఒకటి నీట దుమికిన వెనుకవి నిలువవు. మధ్యాహ్నము చెరువుగట్టున నీరు త్రావించి, తుమ్మచెట్ల నీడను మందను నిలుపుదురు. అవి నెమరువేయుచుండగా కాపరులు సద్దిమూట విప్పుదురు.

ప్రొద్దు గ్రుంకక మునుపే మజిలీ చేరవలెను. తడినేలపై పరుండిన జీవాలకు గిట్టలు చీకును గనుక పొడినేలనే కోరుదురు. పురుగుమందు చల్లిన పైరు చెంత నుండకుండ చూచుకొందురు. వలలు కట్టి గాని, ముళ్లకంప వేసి గాని దొడ్డి యేర్పరతురు. అప్పుడు పిల్లలను విడువగా వాని యరపులతో పొలమెల్ల నిండిపోవును. ఆ గందరగోళములో ప్రతి తల్లియు తన పిల్లను వాసనచేత గుర్తించి పాలిచ్చును. పిదప పిల్లలను గంపలక్రింద మూయుదురు. మూడు రాళ్లపై రాగిసంగటి ఉడుకును. భోజనమైన పిదప కాపరులు దొడ్డి చుట్టు తలకొక దిక్కున గొంగళి పరచుకొని పరుందురు. ఈ సీమలో తోడేళ్లు నేటికిని గలవు. కుక్క మొరిగినంతనే అందరును లేతురు.

రైతు గింజలు కొలుచుట ఈ రాత్రి కొరకే. తెల్లవారులోగా మంద విడిచిన పెంటికలును మూత్రమును మడిలో చేరును. పశువుల పేడకంటె గొఱ్ఱె యెరువులో నత్రజని అధికము. దిబ్బలోని యెరువును బండ్లతో తోలి చల్లవలెను. పైగా మూత్రపు సారము దిబ్బకు చాలవరకు చేరనే చేరదు. మంద కట్టిన పొలమున రెండును నేరుగా నేలలో దిగును, గిట్టలు వానిని త్రొక్కి కలుపును. మరునాడు దొడ్డిని ప్రక్కకు జరుపుదురు. ఇట్లు కొన్ని రాత్రులలో మడియంతయు నిండును. రైతు ఆలసింపక దున్నవలెను. లేనిచో నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోవును. కొండవాలున మొలచిన గడ్డిసారము గొఱ్ఱె కడుపున ప్రయాణము చేసి వరిమడిలో దిగుచున్నదన్నమాట. కాపరికి మేత, రైతుకు ఎరువు లభించును. ఒకరికొకరు ఋణపడరు.

ఇట్టి జీవనము మన సీమకే ప్రత్యేకము కాదు. స్పెయిను దేశమున 1273లో రాజు గొఱ్ఱెల కాపరుల సంఘమునకు ప్రత్యేకాధికారము లిచ్చెను. అచ్చటి మంద దారులలో పెద్దవి సుమారు 75 మీటర్ల వెడల్పు గలవి. 1995లో చేసిన చట్టము నేటికిని వానిని కాపాడుచున్నది. 2026వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి పచ్చికబయళ్లకును పశుపోషకులకును అంకితము చేసెను.

మన కాపరులకు అట్టి రాచబాటలు లేవు. 2019 పశుగణన ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు గలవు. దేశములో తెలంగాణము తరువాత ఈ రాష్ట్రమే. ఇన్ని జీవాలు మేయవలసిన బీళ్లు ఏటేట తగ్గుచున్నవి. కాలువకు నీరు ఆలస్యమైన కోతలు ఆలస్యమగును, మంద దారిలోనే నిలిచిపోవును. రెండవ పైరు వేసిన మడిలో మజిలీకి చోటుండదు. రైతు "రమ్ము" అన్న మాటయే కాపరికి దారి, ఊరు, ఇల్లు. ఆ మాట కరవైననాడు కాపరి తన మందను అమ్ముకొనవలసివచ్చును. రైతు ఎరువు నంతయు అంగడిలో కొనవలసివచ్చును.

మంద సాగిపోయిన పిదప పొలమున మూడు నల్లరాళ్లును కొంచెము బూడిదయు తప్ప వేరేమియు మిగులవు. కాని మరుసటి పైరు వేసినప్పుడు, ఏ మడిలో జీవాలు పరుండెనో ఆ మడి పచ్చదనమును చూచి గట్టున నడచువాడు సయితము చెప్పగలడు.