డ్రమ్ము బాగుంటే డెక్కు కొనండి

తొమ్మిదో తరగతికి అయస్కాంతత్వం చెబుతూ పాత క్యాసెట్లు విప్పి చూపిస్తుంటే ఒకమ్మాయి అడిగింది: "సార్, పాటల క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుందన్నారు. వీడియో క్యాసెట్‌లో 2.34 సెంటీమీటర్లే అంటున్నారు. పాటకన్నా బొమ్మకే ఎక్కువ కావాలి కదా, మరి సగం వేగంతో ఎలా సరిపోయింది?"

వీసీఆర్ పుట్టుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. టేపు మీద రాసే హెడ్ అంటే వెంట్రుకకన్నా ఎంతో సన్నని చీలిక ఉన్న విద్యుదయస్కాంతం. చీలిక ముందు టేపు జరుగుతూ ఉంటే సంకేతపు ప్రతి ఊపూ ఒక అయస్కాంత గుర్తుగా పడుతుంది. పాటకు సెకనుకు పదిహేను వేల ఊపులు చాలు. ఇంటి వీడియో క్యాసెట్ల వీహెచ్‌ఎస్ పద్ధతిలో బొమ్మ వెలుగునీడల సంకేతం 48 లక్షల దాకా పోతుంది. టేపు మెల్లగా జరిగితే గుర్తులు ఒకదానిమీద ఒకటి పడి ఏదీ మిగలదు. అంటే హెడ్ ముందు టేపు దూసుకుపోవాలి.

బీబీసీ ఇంజనీర్లు సరిగ్గా అదే చేశారు. 1958లో వాళ్లు చూపిన వెరా యంత్రంలో టేపు సెకనుకు 5 మీటర్లు పరుగెత్తేది. పెద్ద రీలు కూడా పదిహేను నిమిషాలకే అయిపోయేది. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ అప్పటికే, 1956లో, దారి మార్చేసింది. టేపును కాదు, హెడ్‌ను పరుగెత్తించాలన్నది వాళ్ల ఆలోచన. తిరిగే చక్రానికి నాలుగు హెడ్లు బిగించి రెండంగుళాల టేపు మీద అడ్డంగా గీయించారు. ఆ బృందంలోనే కుర్రవాడు రే డాల్బీ ఉన్నాడు, తర్వాత సినిమా హాళ్ల శబ్దానికి పేరిచ్చినాయన. కానీ అడ్డం గీత పొట్టిది. తెరమీది ఒక్క బొమ్మను ఎన్నో ముక్కలుగా రాసి మళ్లీ అతకాల్సి వచ్చేది. యంత్రమేమో బీరువా అంత.

ఇంటికొచ్చిన వీసీఆర్ చేసిన పని చూడండి. 62 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్మును కొద్దిగా వాల్చి నిలబెట్టారు. దాని చుట్టూ టేపు తలపాగా చుట్టినట్టు సగానికి పైగా ఏటవాలుగా చుట్టుకుంటుంది. డ్రమ్ము అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు. మన టీవీల పాల్ పద్ధతిలో డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. టేపు ఎంత మెల్లగా పాకినా హెడ్ మాత్రం దాని మీద సెకనుకు దాదాపు 4.9 మీటర్లు దూసుకుపోతుంది. వెరా టేపు వేగమూ దాదాపు ఇంతే! వాలు వల్ల ఒక్కో గీత పొడవు సుమారు పది సెంటీమీటర్లు. ఆ గీతలో తెరమీది ఒక పూర్తి ఫీల్డు, అంటే బొమ్మలో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే సగం వరుసలు, పట్టేస్తుంది. అందుకే పాజ్ నొక్కితే బొమ్మ నిలబడుతుంది: హెడ్ అదే గీతను మళ్లీ మళ్లీ చదువుతుంది. మూడు గంటల సినిమాకు హెడ్ నడిచే దారి 52 కిలోమీటర్లు. అదంతా పావు కిలోమీటరు టేపు మీద ఏటవాలు గీతలుగా సర్దుకుంది.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది ఆ తర్వాతి ఎత్తు. గీతల మధ్య ఖాళీ వదిలితే టేపు వృథా, వదలకపోతే పక్క గీత కూడా వినిపిస్తుంది. అందుకని ఒక హెడ్ చీలికను 6 డిగ్రీలు ఇటు, రెండోదాన్ని 6 డిగ్రీలు అటు వంచారు. ఒక హెడ్ రాసింది రెండో హెడ్‌కు దాదాపు కనబడదు. దాంతో గీతలను ఒకదాన్ని ఆనుకుని ఒకటి, ఒక్కొక్కటి 49 మైక్రాన్ల వెడల్పున, ఖాళీ లేకుండా పేర్చారు. రంగు సంకేతం తక్కువ పౌనఃపున్యంలో ఉండటం వల్ల దాని మీద ఈ వంపు పనిచేయలేదు. అప్పుడు ఒక హెడ్ వంతులో రంగు దశను బొమ్మలోని వరుస వరుసకూ 90 డిగ్రీలు తిప్పి రాశారు. చదివేటప్పుడు దాన్ని వెనక్కి తిప్పి, దగ్గరి వరుసలను కలిపితే పక్క గీతనుంచి చొరబడిన రంగు తనకు తానే రద్దవుతుంది. ఇంత లెక్క చేసి తీసుకొచ్చి దాన్ని మన హాల్లో టీవీ కింద పెట్టారు.

మిగతా కథ అందరికీ తెలిసిందే. 1975లో సోనీ బీటామాక్స్ గంటసేపు ఆడింది, మరుసటేడు జేవీసీ వీహెచ్‌ఎస్ రెండు గంటలు ఆడింది, సినిమా పట్టే క్యాసెట్టే గెలిచింది. మన దగ్గర 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీలు, గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్ల పెట్టెల్లో వీసీఆర్ డెక్కులు, పెళ్లికో వీడియో. 2016 జూలైలో జపాన్ కంపెనీ ఫునాయ్ తయారీ ఆపేయడంతో కొత్త వీసీఆర్ అన్నదే లేకుండా పోయింది.

మరి పాతది కొనాలా? సినిమాల కోసమైతే వద్దు. అవి అంతకన్నా మంచి ప్రింటుతో మరోచోట దొరుకుతాయి. బీరువాలో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ఉంటే మాత్రం తప్పకుండా కొనాలి, అదీ త్వరగా. బెల్టులు, పించ్ రోలరు రబ్బరు ఎండిపోయినా మార్చుకోవచ్చు. డ్రమ్ము అరిగితే మార్చడానికి కొత్తది రాదు, ఇంకో పాత డెక్కు నుంచి తీయాల్సిందే.

కాబట్టి అమ్మేవాడి దగ్గర, పోయినా ఫర్వాలేని క్యాసెట్ వేసి ఆడించి చూడండి. తెరంతా చుక్కలైతే హెడ్ మురికి పట్టి ఉండవచ్చు. బొమ్మ ఒకటి విడిచి ఒకటి చుక్కలై వణుకుతుంటే రెండు హెడ్లలో ఒకటి మూసుకుపోయిందో, పోయిందో. పైనో కిందో మాత్రమే చారలు నిలబడితే అది టేపు దారిలోని గైడుల తేడా, మెకానిక్ సరిచేయగలడు. శుభ్రం చేసేటప్పుడు దూది పుల్ల వాడొద్దు, పోగులు హెడ్‌కు చిక్కుకుంటాయి. మెత్తని తోలును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి, చేతిని కదల్చకుండా డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ కొన విరుగుతుంది. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లని బూజు కనిపించే క్యాసెట్‌ను మంచి డెక్కులో పెట్టనే వద్దు. ముందు టేపును శుభ్రం చేయించాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. అక్కడి పాత డెక్కులు చాలావరకు ఆ దేశపు ఎన్‌టీఎస్‌సీ టీవీ పద్ధతివి, డ్రమ్ము సెకనుకు 30 చుట్లు తిరుగుతుంది. ఇక్కడి పెళ్లి క్యాసెట్ వాటిలో సరిగా ఆడదు. రెండు పద్ధతులూ ఆడే మల్టీసిస్టమ్ డెక్కు వెతకండి. లేదా క్యాసెట్‌ను ఇక్కడే, పాల్ డెక్కులో ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపమనండి.