విగ్రహం కాడ దిగుండ్రి!

ఎస్సార్ నగర్ చౌరస్తా నుంచి అబుదాబీ దాకా... డ్యూటీలో ఒరిగిన పోలీసుల జ్ఞాపకాలు

హైదరాబాదులో ఎస్సార్ నగర్ చౌరస్తా తెలియని గల్ఫ్ తెలుగువాళ్ళు తక్కువే. పాస్‌పోర్టు చేతికొచ్చాక ట్యాలీ నేర్చుకోవడానికనో, ఇంటర్వ్యూల కోసమనో అమీర్‌పేట చుట్టుపక్కల హాస్టళ్ళలో నాలుగు నెలలు గడిపినవాళ్ళం మనలో ఎందరో! మా ముగ్గురిదీ అదే కథ. ఇప్పుడు ఒకరు ముసఫాలో టైమ్ కీపర్, ఒకరు అల్ కూజ్‌లో డాక్యుమెంట్ క్లర్కు, ఇంకొకరు షార్జాలో అకౌంట్స్ అసిస్టెంటు. ఇద్దరిది జగిత్యాల వైపు, ఒకరిది రాజంపేట వైపు. అప్పుడు మాత్రం ముగ్గురిదీ ఒకే అడ్రసు. ఊరినుంచి ఎవరొచ్చినా ఫోన్లో మేం చెప్పే గుర్తు ఒకటే. "ఎస్సార్ నగర్ల విగ్రహం కాడ దిగుండ్రి, మేమే వస్తం!"

ఆ విగ్రహం ఎవరిదో మాత్రం చాలా రోజులు మేం పట్టించుకోలేదు. సిగ్గుపడి చెప్పుకోవాల్సిన మాటే ఇది.

మన వయసులోనే...

ఆయన చదలవాడ ఉమేష్ చంద్ర, ఐపీఎస్. గుంటూరు జిల్లా పెదపూడిలో 1966లో పుట్టారు. పులివెందులలో ఏఎస్పీగా, తర్వాత కడప ఎస్పీగా ముఠాకక్షలను అదుపులో పెట్టి జనం నోళ్ళలో 'కడప పులి' అయ్యారు. ఆపైన కరీంనగర్ ఎస్పీగా వచ్చారు. నక్సలైట్ల ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. అక్కణ్ణుంచి హైదరాబాదుకు బదిలీ అయ్యారు.

1999 సెప్టెంబరు 4. ఉదయం ఆఫీసుకు బయల్దేరిన ఆయన కారు ఎస్సార్ నగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. అదే అదను. పీపుల్స్‌వార్ దళం కాల్పులు జరిపింది. ఆయన, ఆయన గన్‌మన్, డ్రైవరు... ముగ్గురూ పోయారు. అప్పటికి ఉమేష్ చంద్ర వయసు 33 ఏళ్ళు. ఈ మాట రాస్తుంటే మాలో ఒకరు పెన్ను ఆపి "అంటే నాకన్న రెండేండ్లు చిన్న" అన్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ప్రాణం పోయిన ఆ చౌరస్తాలోనే తర్వాత విగ్రహం వెలిసింది. ఏటా సెప్టెంబరు 4న అక్కడ పూలదండలు పడతాయి. 2017లో అదే దారిన మెట్రో రైలు వచ్చింది. ఇప్పుడు ఎస్సార్ నగర్ స్టేషన్లో వేలమంది ఎక్కి దిగుతున్నారు. వాళ్ళలో ఆ పేరు చదివేవాళ్ళు ఎందరు?

కడపలో ఆయన పేరిట పోలీసుల కల్యాణ మండపం ఉంది. మా రాజంపేట మిత్రుడి అక్క పెళ్ళి అందులోనే జరిగింది. "శుభలేఖలో వేదిక దగ్గర ఆ పేరు చదివి, ఎవరో దాత కాబోలు అనుకున్నా. మా నాయనే చెప్పినాడు అసలు సంగతి" అంటాడతను. చనిపోయిన మనిషి పేరున తాళిబొట్లు కట్టడం కొందరికి వింతగా అనిపించవచ్చు. మాకైతే ఇంతకన్నా మంచి స్మారకం లేదనిపిస్తుంది. రాయి ఒక్కచోటే ఉంటుంది, పెళ్ళి ముచ్చట పది ఊళ్ళు తిరుగుతుంది!

పేరు లేనివాళ్ళ సంగతి

చౌరస్తాలో విగ్రహం ఒక్కరిదే. పోయింది ముగ్గురు. ఎక్కడైనా ఇంతే. పెద్ద ఆఫీసరు బొమ్మవుతాడు, కానిస్టేబులు జాబితాలో ఒక వరుస అవుతాడు. ఈ మాట మేం ఊరికే అనడం లేదు.

మా ముగ్గురిలో ఒకరి నాన్న ఏఆర్ కానిస్టేబులు. మందుపాతర పేలి పోయారు. అప్పటికి కొడుకు వయసు ఆరేళ్ళు. విగ్రహం లేదు, వీధి లేదు. జిల్లా పోలీసు గ్రౌండ్‌లో స్థూపం మీద పేరుంది, అంతే. కుటుంబానికి రావలసిన ఉద్యోగం కోసం తల్లి ఒక ఆఫీసు మెట్లు ఏళ్ళ తరబడి ఎక్కి దిగింది. ఆ తిరుగుడు చూడలేకే మా మిత్రుడు ఇంటర్‌తో చదువు ఆపి విమానం ఎక్కాడు.

ఏటా అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం. 1959లో అదే తేదీన లదాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వాళ్ళ గుర్తుగా దేశమంతా ఈ దినం జరుపుతారు. తుపాకులు తలకిందులు చేసి పట్టుకుంటారు, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. అమ్మ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని ఆ గ్రౌండ్‌కు పోతుంది. అక్కడ ఎనిమిది గంటలంటే మనకిక్కడ ఆరున్నర, కంపెనీ బస్సు కదిలే వేళ. బస్సులో కొడుకు ఫోను చెవికి పెట్టుకుంటాడు. మాట్లాడడు. బ్యాండు చప్పుడు వింటాడు. "మీ నాన పేరుకాడ పూలు పెట్టిన బిడ్డా" అని అమ్మ చెప్పాకే ఫోను పెడతాడు.

ఢిల్లీలో చాణక్యపురి దగ్గర 2018లో జాతీయ పోలీసు స్మారకం ప్రారంభించారు. ముప్ఫై అడుగుల నల్లరాయి, పక్కనే పేర్ల గోడ. స్వాతంత్ర్యం వచ్చాక డ్యూటీలో పోయిన పోలీసుల పేర్లు దాని మీద చెక్కారు. ప్రారంభించిన నాటికే 34 వేలు దాటాయి. లీవుకు పోయినప్పుడు అమ్మను అక్కడికి తీసుకుపోయి ఆ పేరు చూపించాలని మా మిత్రుడి కోరిక.

మరో మాట కూడా చెప్పాలి

ఇది రాద్దాం అనుకున్నప్పుడు మాలో మరొకరు అడ్డం తిరిగారు. "మా చిన్నాయన ఎన్‌కౌంటర్ల పోయిండు. ఊరవతల ఎర్ర స్థూపం కడితే పోలీసులే కూలగొట్టిండ్రు. ఇప్పుడు నేనెట్ల రాయాలె?" అన్నారు. కానిస్టేబులు కొడుకూ, అతనూ ఒకే గదిలో పైమంచం, కిందిమంచం! ఆ రాత్రి చాలాసేపు మాటలు నడిచాయి. కరీంనగర్ జిల్లాలో ఇలాంటి ఇళ్ళు తక్కువేం కాదు. ఒక వీధిలో ఖాకీ ఫొటోకు దండ ఉంటే, వెనక వీధిలో ఎర్ర గుడ్డ కప్పిన ఫొటోకు దండ.

చివరికి ఒక మాట దగ్గర కలిశాం. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనే లెక్క మా చేతిలో లేదు. కానీ పొద్దున డ్యూటీకని పోయి సాయంత్రం తిరిగిరాని మనిషి ఇంట్లో వాళ్ళ దుఃఖం మాకు తెలుసు. రోజూ క్యాంపు గేటు దాటి పోయేవాళ్ళం, మనకు తెలియక ఎవరికి తెలుస్తుంది? అడ్డం తిరిగిన మిత్రుడే ఈ వ్యాసం అచ్చుతప్పులు దిద్దాడు.

ఇక్కడి తొలి అమరుడూ పోలీసే

మనం అన్నం తింటున్న ఈ దేశానిదీ ఇలాంటి కథే. గ్రేటర్ టుంబ్ అనే చిన్న ద్వీపం. అక్కడ రస్ అల్ ఖైమా పోలీసులు ఆరుగురు. వాళ్ళ నాయకుడు సాలెం సుహైల్ బిన్ ఖమీస్, వయసు 20. 1971 నవంబరు 30న ఇరాన్ దళాలు దిగాయి. జెండా దించమంటే అతను దించలేదు, ప్రాణం విడిచాడు. ఎమిరేట్స్ దేశం ఏర్పడింది డిసెంబరు 2న. అంటే రెండు రోజుల ముందు! రస్ అల్ ఖైమా ఇందులో చేరింది 1972 ఫిబ్రవరిలో. అయినా దేశం అతన్నే తన తొలి అమరుడిగా లెక్కించింది. 2015 నుంచి నవంబరు 30ని స్మారక దినంగా పాటిస్తోంది. ఉదయం ఎనిమిదికి జెండా సగం వరకు దించుతారు. పదకొండున్నరకు ఒక నిమిషం మౌనం. తర్వాత జాతీయ గీతంతో జెండా మళ్ళీ పైకి.

మొదటిసారి మా ఆఫీసు పార్కింగులో నిలబడినప్పుడు ఎందుకో మాకు తెలియదు. పీఆర్వో రమ్మంటే వచ్చాం. ఆఫీస్ బాయ్ నుంచి మేనేజరు దాకా ఒకే వరుస. సంగతి తెలిశాక ఇప్పుడు ఎవరూ పిలవకుండానే నిలబడుతున్నాం.

అబుదాబీలో షేక్ జాయెద్ మసీదుకు ఎదురుగా 'వాహత్ అల్ కరామా' ఉంది. 2016లో కట్టారు. పెద్దపెద్ద అల్యూమినియం పలకలు 31, ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా నిలవదన్నట్టు! బ్రిటిష్ కళాకారుడు ఇద్రీస్ ఖాన్ రూపకల్పన ఇది. పక్క మంటపంలో అమరుల పేర్లు. శుక్రవారం మసీదు చూడడానికి పోయేవాళ్ళు రోడ్డు దాటి అది కూడా చూసి రండి.

ఇంకో పేరు కూడా మరవొద్దు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వే మీద కూలి మంటల్లో చిక్కింది. లోపలున్న 300 మందీ బతికారు. వాళ్ళలో ఎక్కువమంది మన భారతీయులే. మంటలార్పుతూ ఇక్కడి ఫైర్‌మన్ జాసిమ్ ఈసా చనిపోయారు. మనవాళ్ళు దిగివచ్చిన విమానం దగ్గర ఒక ఎమిరాతీ తల్లి బిడ్డ ఒరిగాడు. ఈ బాకీ మనం ఎలా తీర్చగలం?

ఒక నిమిషం చాలు

విగ్రహాలు కట్టించే స్తోమత మనకు లేదు. మనం చేయగలిగిందల్లా పేరు చదవడం, పక్కవాడికి చెప్పడం. ఈసారి లీవులో ఎస్సార్ నగర్ దిగితే ఒక నిమిషం ఆగి ఆ పేరు చదవండి. ఆ కారులోనే పోయిన డ్రైవరునూ, గన్‌మన్‌నూ తలచుకోండి. మీ ఊళ్ళోనూ అలాంటి వాళ్ళుంటే, కానిస్టేబులైనా, హోంగార్డయినా, వాళ్ళ సంగతి ఈ పత్రికకు రాసి పంపండి. ఉత్తరం చిన్నదైనా ఫరవాలేదు.

మా జగిత్యాల అమ్మకు ఈ వ్యాసం ఫోన్లో చదివి వినిపించాం. అంతా విని ఒక్కటే అడిగింది. "మీ నాన పేరు రాసిన్రా బిడ్డా?" పేర్లు వద్దనుకున్నామని చెప్పాం. "గట్లనే గానీ... ఆయన మంచోడని రాయి" అంది.

రాశాం అమ్మా.