పెంపుడు పిల్లికి దురద

"పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము" అను సామెత మన మందఱము ఎఱిగినదే. నేటి ప్రసంగమున నేను చెప్పబోవునది పిల్లికే వచ్చు ప్రాణసంకటమును గూర్చి. అది కుక్కవలన వచ్చునది కాదు. దురదకు మనము చేయు మొరటు వైద్యమువలన వచ్చునది.

మా యింట ధాన్యపు గాదెకు కాపుగా నొక బూడిదరంగు పిల్లి యుండెడిది. ఒక వేసవిలో అది రేయింబవళ్లు గోకికొనసాగెను. తోక మొదట వెండ్రుకలు రాలి పుండు పడినది. పురుగు చచ్చునుగదా యని నేనే ఫినాయిలును నీళ్లలో కలిపి దాని యొడలికి రాచితిని. ఆ రాత్రి అది నురుగు క్రక్కుచు వణకసాగెను. తెల్లవారునప్పటికి ప్రాణము లేదు. తరువాత పశువైద్యుని వలన నేను తెలిసికొన్న సంగతులను మీకు చెప్పుట నా విధి యని తలచుచున్నాను.

పిల్లి తన యొడలిని తానే నాకి శుభ్రపఱచుకొనును. కావున దాని వెండ్రుకలకు పూసిన దెల్ల కడుపులోనికే చేరును. ఇది యొకటి. మఱియొకటి యేమన, మన కాలేయము కొన్ని విషములను గ్లుకురోనిక్ ఆమ్లముతో జతపఱచి బయటికి పంపివేయును. పిల్లి కాలేయమునకు ఈ శక్తి మిక్కిలి తక్కువ. అందుచేత ఇతర జంతువులు తట్టుకొను మందులు కొన్ని దానికి విషమగును. ఫినాయిలు, కిరసనాయిలు, కర్పూరము కలిపిన నూనె, ఇవి పూయరాదు. కుక్కలకై అమ్మెడు పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము. జ్వరమునకు మనము మ్రింగు పారాసెటమాల్ బిళ్ల యొక్కటియే పిల్లిని చంపగలదు.

ఇక దురదకు కారణములు. అన్నింటికంటె తఱచైనది, రెండు మిల్లీమీటర్ల పొడవున గోధుమరంగుగా నుండి, వెండ్రుకల నడుమ పరుగెత్తుచు ఎగిరి దుముకు పురుగు. దీనిని ఫ్లీ యందురు. పేను ప్రాకును, ఇది దుముకును. కొన్ని పిల్లులకు దీని యుమ్మి పడదు. అట్టివానికి ఒకటి రెండు కాట్లే చాలును, నడుమును తోకమొదలును కొఱికికొని పుండు చేసికొనును. పురుగు కంటికి కనబడకున్నను పరీక్షింపవచ్చును. పేలదువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై వేయుడు. ఎఱ్ఱని మరక యూరినచో అది ఫ్లీ విసర్జించిన రక్తమే.

చెవుల యంచున మొదలై ముఖముపై దట్టమైన పక్కులు కట్టినచో అది గజ్జి. చెవిలో కాఫీపొడివంటి నల్లని మడ్డి యున్నచో చెవిపురుగు. వెండ్రుకలు గుండ్రముగా రాలినచో తామర యని యనుమానింపవలెను. తామర పిల్లలకును అంటును. గజ్జిపిల్లిని ఎత్తుకొన్నవారికి దద్దులు లేచుటయు గలదు. తిండి పడక తలయు మెడయు గోకికొను పిల్లులును గలవు. కారణము వేఱైనపుడు మందును వేఱు. కావున పిల్లిని ఒక గంపలో నుంచి, పైన గుడ్డ కట్టి, పశువైద్యశాలకు తీసికొనిపోవుటయే తెలివి.

ఫ్లీయే యని తేలినచో, పిల్లులకే తయారైన సెలామెక్టిన్ వంటి మందును బరువునుబట్టి, నాలుక యందని మెడవెనుక చర్మముపై వైద్యుడు వేయును. చిన్నకూనలకు ఆయన నడుగక ఏ మందును వేయరాదు. ఇంటిలోని తక్కిన పిల్లులకును కుక్కలకును వానివానికి తగిన మందు అప్పుడే వేయింపవలెను.

అంతటితో పని తీరదు. ఆడు ఫ్లీ దినమునకు 20 మొదలు 50 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి పిల్లి పండుకొను చోట రాలి, నేలబీటలలో పెరిగి, గూళ్లలో నెలల తరబడి దాగియుండగలవు. కావున పిల్లి పండుకొను గోనెను వారమున కొకసారి వేడినీట నుతికి యెండవేయుడు. మూలలను బీటలను ఊడ్చి, ఆ చెత్తను కాల్చివేయుడు. ఇట్లు మూడు మాసములు విడువక చేసినగాని అవి తెగవు.

తెలియక ఎవరైనను మందు పూసియుండినచో, గోరువెచ్చని నీటితోను సబ్బుతోను వెంటనే కడిగి, నాకకుండ గుడ్డ చుట్టి, వైద్యునియొద్దకు పరుగెత్తుడు. మందుడబ్బాను కూడ తీసికొనిపొండు. బలవంతముగా వాంతి చేయింపకుడు.

ఇప్పుడు మా గాదెకు వేఱొక పిల్లి కాపున్నది. దాని పేలదువ్వెన చూరున చెక్కియున్నది. ఫినాయిలుడబ్బా అటకమీదికి పోయినది. మొదటి పిల్లి ప్రాణమునకు బదులుగా నేను నేర్చిన పాఠ మిది. మీరు ఆ వెల చెల్లింపకయే దీనిని నేర్చికొందురుగాక.